దారం గాటు

మిల్లింగ్ మిషిన్‌లోంచి వచ్చే పళ్ళు మొదట సుద్దముక్కల్లా ఉంటాయి. అసలు పన్ను కన్నా పావు వంతు పెద్దవి, గోటితో గీకితే పొడి రాలేంత మెత్తవి. గుండ్రటి తెల్ల బిళ్ళకు సన్నటి కాడలతో అంటుకుని ఉన్న వాటిని కోసి విడదీసి, అంచులు రబ్బరు చక్రం మీద నున్నగా రుద్ది, కొలిమిలోకి పంపడం మొండయ్య పని. పదిహేను వందల డిగ్రీల వేడిలో అవి కుంచించుకుని, నోట్లో పట్టే కొలతకు వచ్చి, రాయిలా గట్టిపడతాయి. ఆ తర్వాత సన్న కుంచెతో రంగు వేసి, మెరుపు పూసి మళ్ళీ కాల్చాలి. డాక్టర్లు చీటీ మీద ఏ-వన్, ఏ-త్రీ అని రాసి పంపే రంగులకు మొండయ్య పెట్టుకున్న పేర్లు వేరు: నూక తెలుపు, మక్కగట్క పసుపు, చాయ్ మరక, బీడీ.

ఈ పళ్ళ ల్యాబు జగిత్యాలలో కోరుట్ల రోడ్డు మీద, ఎరువుల దుకాణం పై అంతస్తులో ఉంది. యజమాని శేఖర్, మొండయ్య భార్య సమ్మక్కకు సొంత తమ్ముడు. పనిలో మాత్రం శేఖర్‌కు గురువు మొండయ్యే. కరీంనగర్‌లో ఒక పళ్ళ డాక్టరు దగ్గర ఊడ్చే పనికి కుదిరిన మొండయ్య, వెనక గదిలో మైనంతో పళ్ళు చెక్కే ముసలాయనను చూసి చూసి ఆ విద్య పట్టుకున్నాడు. పాతికేళ్ళు చెక్కాడు. బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. శేఖర్‌కు చెక్కడం అబ్బలేదు, కంప్యూటర్ అబ్బింది. మిషిన్ వచ్చాక మొండయ్య చేతిలోని చిన్న కత్తి సొరుగులోకి పోయి, రబ్బరు చక్రం మిగిలింది. దానికి ఆయన పెద్దగా బాధపడలేదు. మిషిన్ ఇంటివాడిదే కదా అనుకున్నాడు.

విరిగిన పన్నుకు వేసే తొడుగును అందరూ క్యాప్ అంటారు. సమ్మక్కకు ఆ మాట దొరికితే చాలు. మేడిపల్లిలో ఇంటి అరుగు మీద చాట ముందు పెట్టుకుని, తునికాకు కత్తిరించి బీడీలు చుడుతూ, పక్కనున్న ఆడవాళ్ళతో అనేది:

"నా మొగడు, నా తమ్ముడు గలిసి జగిత్యాల జనానికి టోపీలు వెడుతున్నరే. అడిగితే గదే పని అంటరు."

"గట్లనకే, డాక్టర్లు ఇంటే ఉన్న పని వోతది," అనేవాడు మొండయ్య.

"వోతే వోనీ. ఇంట్ల ఇంకో చాట ఉన్నది, కూసోని నువ్వు గూడ చుట్టు."

నవ్వినప్పుడు ఆమె ఎడమ ముందుపన్ను మూల మీద ఒక చిన్న గాటు కనిపించేది. బీడీకి దారం చుట్టాక, కత్తెర అందుకునే ఓపిక లేక పంటితో తెంపడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. రోజుకు వెయ్యి బీడీలు, వెయ్యి తెంపులు. ముప్పై ఏళ్ళలో దారం ఆ మూలను నూకగింజంత తినేసింది. సరిచేస్తాను రమ్మని మొండయ్య ఎన్నోసార్లు పిలిచాడు.

"గది నా గుర్తు. తీసేస్తే నన్నెట్ల గుర్తువడుతవ్?" అనేది సమ్మక్క.

మూడేళ్ళ కింద, మార్చి నెలలో, ఊపిరితిత్తుల జబ్బుతో ఆమె పోయింది. నలభై దినాలు మొండయ్య ల్యాబు ముఖం చూడలేదు. ఆ రోజుల్లోనే అటక మీద పాత డబ్బాలో ఒక ప్లాస్టర్ అచ్చు దొరికింది. పెళ్ళైన కొత్తలో, తాను పని నేర్చుకునేటప్పుడు, సమ్మక్క నోట్లో అచ్చుముద్ద పెట్టి తీసిన అచ్చు. దానిలో ముందుపళ్ళు ఆరూ విరిగిపోయి ఉన్నాయి. వాటిని మైనంతో మళ్ళీ చెక్కాడు. అచ్చు తీసేనాటికి గాటు ఇంకా పడలేదు కాబట్టి దాన్ని ఉత్త యాదితోనే పెట్టాలి. ఆరు రోజుల పనిలో నాలుగు రోజులు ఆ నూకగింజంత గాటుకే పట్టాయి.

అంతలో ఎండలు ముదిరాయి. మేడిపల్లిలో ఆయనది రేకుల ఇల్లు. మైనం మెత్తబడడం మొదలైంది. ల్యాబులో మిషిన్ కోసం ఏసీ ఎప్పుడూ నడుస్తుంది. మొండయ్య అచ్చును స్టీలు టిఫిన్ డబ్బాలో, దూది మధ్య పెట్టి తీసుకుపోయి శేఖర్ చేతికిచ్చాడు.

"మీ అక్క పండ్లు. ఏసీ రూంల వెట్టు. ఎవ్వలు ముట్టద్దు."

"ఎవలు ముడుతరు బావా? నా పానం లెక్క సూసుకుంట," అన్నాడు శేఖర్.

బావమరిది మాట కదా, తాళం సంగతి తోచనేలేదు. తెరిస్తే పాడవుతుందని మొండయ్య కూడా డబ్బా తీసేవాడు కాదు. అరలో ఉందా లేదా అని మాత్రం రోజూ చూసుకునేవాడు.

ఈ జనవరి నుంచి మిషిన్ పనితనం మారింది. అంతకుముందు కంపెనీ ఇచ్చిన నమూనాలతో చేసిన ముందుపళ్ళు ఇటుకల్లా ఉంటాయని సిరిసిల్ల డాక్టరు దెప్పేవాడు. ఇప్పుడు వస్తున్నవి అలా లేవు. అంచున అసలు పన్నుకుండే చిన్న అల, నడుమ లేత పల్లం.

"శేఖరూ, నీ మిషిన్‌కు చెయ్యొచ్చిందిరా," అన్నాడు మొండయ్య ఒకరోజు మెచ్చుకోలుగా.

శేఖర్ నవ్వి ఊరుకున్నాడు.

ఒక్కటే లోపం. ఎడమ ముందుపన్ను, అంటే ల్యాబు లెక్కలో ఇరవై ఒకటో నంబరు, ఎప్పుడు వచ్చినా మూల మీద సన్నటి గీత. తొలిచే సూది అరిగి గీస్తోందనుకుని మొండయ్య దాన్ని రబ్బరు చక్రం మీద రుద్ది చదును చేసేవాడు. చెప్పుకోవలసినంత తప్పు కాదని ఎవరితోనూ అనలేదు.

ఏప్రిల్ మొదటివారంలో సిరిసిల్ల నుంచి రమేశ్ అనే మనిషి మెట్లెక్కి వచ్చాడు. చీరల దుకాణంలో పనిచేస్తాడు. బండి మీదనుంచి పడి ముందుపన్ను విరిగితే క్యాప్ వేయించుకుని పదిహేను రోజులైంది.

"క్యాపులు జేసేది గీడనేనా కాకా? డాక్టర్ సాబ్ మీ దగ్గరికే వొమ్మన్నడు. ఇరిగిన పన్ను మీద ఇంకో ఇరిగిన పన్ను వెట్టిన్రు."

"ఎట్ల ఇరిగింది?"

"నేనేం ఇరగ్గొట్టలే. వెట్టినప్పటికెల్లి గిట్లనే ఉన్నది. మా సేట్ ఒకటే నవ్వుడు. డ్యామేజి చీర లెక్క సగం ధరకు దెచ్చుకున్నవారా అంటుండు."

"ఏదీ, నోరు తెరువు."

రమేశ్ కుర్చీలో వెనక్కి వాలి, పై పెదవిని వేలితో ఎత్తి పట్టుకున్నాడు. మొండయ్య లైటు దగ్గరికి లాక్కుని వంగాడు.

నల్లటి మీసం కింద సమ్మక్క పన్ను ఉంది.

గాటు ఒక అంచు లోతుగా, ఇంకో అంచు పల్చగా ఉంది. దారాన్ని ఆమె ఎప్పుడూ కుడిచేత్తోనే లాగి తెంపేది. ఆ వాలు కుదరకనే కదా నాలుగు రోజులు పట్టింది. మొండయ్య లైటును ఇంకా దగ్గరికి జరిపాడు.

"ఏమైంది కాకా? గంత ఖరాబున్నదా?"

మొండయ్య పోయి క్యాప్ చీటీ వెతికాడు. మార్చి తొమ్మిది. ఆ రోజు తాను పనికి రాలేదు. సమ్మక్క పోయి మూడేళ్ళైన రోజు. మేడిపల్లిలో ఆమె సమాధి దగ్గర పాస్టరు ప్రార్థన చేస్తుంటే తాను చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ పూట ఆయన కుర్చీలో వర్ష కూర్చుని పని ముగించింది. కంప్యూటర్ మీద పళ్ళు గీసే అమ్మాయి. రబ్బరు చక్రం అలవాటు లేక, ఉన్నదాన్ని ఉన్నట్టే రంగు వేసి పంపింది.

మొండయ్య ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"బిడ్డా, ఇరవై ఒకటి ఏడికెల్లి తీస్తున్నవ్?"

"లైబ్రరీలకెల్లి అంకుల్," అంటూ వర్ష, కంప్యూటర్‌లో పంటి నమూనాలు దాచిన చోటు తెరిచి, తెర ఆయన వైపు తిప్పింది.

ఆరు పళ్ళు వరుసగా నిలబడ్డాయి. పావు వంతు పెరిగి, ఒక్కొక్కటిగా సుద్దముక్కలై చేతిలోకి వచ్చినప్పుడు ఆనవాలు దొరకనివి, పక్కపక్కన నిలబడేసరికి ఆమె నోరయ్యాయి. వాటి పైన పేరుంది: బావ సెట్.

"సార్ స్కాన్ చేసి వెట్టిండు. మస్తు పేరొచ్చింది దీనికి. కోరుట్ల ల్యాబోల్లు, సిరిసిల్ల ల్యాబోల్లు గూడ కాపీ దీస్కున్నరు. మీకు ఎర్క లేదా అంకుల్?"

మొండయ్య ఏసీ గదిలోంచి డబ్బా తెచ్చి వర్ష బల్ల మీద తెరిచాడు. స్కానర్‌కు మెరిసే మైనం కనబడదు, దాని మీద తెల్లపొడి చల్లాలి. ఆ పొడి పళ్ళ మీద, చిగుళ్ళ మీద బూడిదలా పట్టుకుని ఉంది. దూది లేదు. అచ్చును తలకిందులుగా పెట్టి మూత వేశారు.

రమేశ్ గొంతు విని శేఖర్ అటే వచ్చాడు.

"బావా, గా సిరిసిల్ల కేసు ఏం లొల్లి..." అంటూ డబ్బా చూసి ఆగిపోయాడు.

"ఎవ్వలు ముట్టరంటివి," అన్నాడు మొండయ్య.

"కోపానికి రాకు బావా. పొడి సల్లిన, గంతే. గసొంటి పండ్లు ఇంకెవ్వలన్న చెక్కుతరా? డబ్బాల మూసి వెడితే ఎవలకు అక్కరకొస్తయ్? నీ పేరే వెట్టిన గద, బావ సెట్ అని."

"నా పేరెందుకురా? గవి నా పండ్లా?"

శేఖర్ డబ్బా మూత అందుకోబోతే మొండయ్య పక్కకు జరిపాడు.

"నీ మిషిన్‌కు చెయ్యొచ్చిందంటే నవ్వినవ్. గప్పుడన్న చెప్పకపోతివి."

"చెప్దామనే అనుకున్న బావా. నువ్వు వద్దంటవని..."

"వద్దంటనని నీకు ఎర్కనే అన్నట్టు."

శేఖర్ రమేశ్ ఉన్న వైపు చెయ్యి చూపాడు. "అయింది అయింది గని, గాయినకు ఇంకోటి జేసిద్దాం. గా గాటు నేను సరిగ సూడలే. నువ్వు చెక్కంగ మైనం చిట్లిందనుకున్న. లేకుంటె అప్పుడే నింపిద్దును."

మొండయ్య తలెత్తాడు. "మైనం చిట్లిందనుకున్నవా?"

"మరేంది?"

"గది మీ అక్క పన్నురా. దారం తెంపిన పన్ను."

శేఖర్ అక్క ముఖం గుర్తు తెచ్చుకోబోయాడు. ఎక్కడో వెతుక్కున్నట్టుంది, దొరకలేదు.

"అక్కకు గట్లుండెనా బావా?" అన్నాడు నిజంగానే. "ఏ దిక్కు?"

తల్లి లేని ఇంట్లో అతన్ని చంకనేసుకుని పెంచింది సమ్మక్క. ఆమె బీడీల చాట పక్కన కూర్చుని అక్షరాలు దిద్దాడు. తెంపిన దారపు ముక్కలు అతని పలక మీద పడేవి. పొడి చల్లినందుకు మొండయ్య అతన్ని రెండు తిట్లు తిట్టి, ఎప్పటికో మరచిపోయేవాడేమో. ఏ దిక్కు అని అడిగినదాన్ని ఏం చేయాలో ఆయనకు తెలియలేదు.

"మొత్తం తీసెయ్," అన్నాడు చివరికి.

"మొత్తమెట్ల తీస్త బావా? డాక్టర్లు గా సెట్ సూసే అస్తున్నరు. గాటు నింపుదాం. వర్షా, రెండు నిమిషాల పని గద?"

"రెండు నిమిషాలు గూడ వట్టది సార్."

మొండయ్య డబ్బాకేసి, తెరకేసి చూశాడు. ఆరు పళ్ళను వెనక్కి తెచ్చుకోలేడు. అవి ఎన్ని నోళ్ళలో ఉన్నాయో తెలియదు. గాటు ఒక్కటైనా ఇంటికి తీసుకుపోవచ్చు.

"నింపు బిడ్డా," అన్నాడు. "కోరుట్లకు, సిరిసిల్లకు గూడ నింపిందే పంపుండ్రి. పాతది ఎవ్వల దగ్గర ఉండద్దు."

శేఖర్ ముఖం తేటపడింది. బావ పని మాటల్లోకి వచ్చాడనుకున్నాడు. "గంతే బావా! నువ్వున్నవనే నాకు ధీమా."

వర్ష మౌస్ జరిపింది. గాటు అంచులు రెండూ దగ్గరికి వచ్చి కలిసిపోయాయి. తెర మీద నున్నటి, మంచి పన్ను. ఎవరిదీ కాని పన్ను.

గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న రమేశ్ అడిగాడు: "గీసారన్న మంచిది వెడుతరా, లేకుంటె మల్ల టోపీయేనా?"

శేఖర్ పగలబడి నవ్వాడు. మొండయ్య సొరుగులోంచి తన చిన్న కత్తి తీసి జేబులో పెట్టుకుని, డబ్బాను తడి తువ్వాలలో చుట్టుకున్నాడు.

"యాడికి బావా?"

"ఇంటికి."

"రేపు జర జల్ది రా. కోరుట్లది పెద్ద ఆర్డరున్నది."

మొండయ్య మెట్లు దిగాడు.

మేడిపల్లి బస్సులో కిటికీ పక్కన వేడిగాలి. తువ్వాల రెండు స్టేజీలు దాటేలోపే ఎండిపోయింది. డబ్బాను చొక్కాలోకి తోసుకున్నాడు, ఒళ్ళు కూడా వేడిగానే ఉంది. ఇల్లు చేరి తాళం తీసి, డబ్బాను రంజన్ కుండలోని నీళ్ళలో మూత దాకా ముంచి, గంట సేపు పట్టుకుని కూర్చున్నాడు. తరువాత తెరిచాడు. పళ్ళు ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఒరిగాయి. గాటు వేడికి తనంతట తానే పూడిపోయింది.

ఫరవాలేదు, చెక్కినవాడు మళ్ళీ చెక్కగలడు అనుకుని జేబులోంచి కత్తి తీశాడు. వేళ్ళకు ఒక లెక్క గుర్తుకొచ్చింది. జనవరి నుంచి రబ్బరు చక్రం మీద ఆ గీతను ఎన్నిసార్లు రుద్ది చదును చేసి ఉంటాడు? నలభైసార్లా, యాభైసార్లా? లెక్కను వదిలేసి కళ్ళు మూసుకున్నాడు. పోయినసారి ఇట్లాగే చెక్కాడు. కళ్ళు మూసుకుంటే ముందు ఆమె నవ్వు వచ్చేది, ఆ వెనక పన్ను, దాని మీద గాటు.

ఇప్పుడు మీసం వచ్చింది. వేలితో ఎత్తి పట్టుకున్న పెదవి వచ్చింది.

కళ్ళు తెరిచి, మళ్ళీ మూశాడు. మళ్ళీ మీసమే. కత్తి మొనను మైనం మూల మీద ఆనించి, కళ్ళలోంచి ఆ మీసం పోయేదాకా ఆగుదామని కూర్చున్నాడు. నీళ్ళలో గట్టిపడిన మైనం, రేకుల వేడికి, ఆయన వేళ్ళ మధ్య మళ్ళీ మెత్తబడుతోంది.