అమ్మ వంతు మంచు

నిన్న సాయంత్రం ద పాండ్స్ అనే పేటలోని మా ఇంటి హాల్లో, సగం సర్దిన సూట్‌కేసు ముందు చతికిలబడి, రెండేళ్ల పాపకి మూడు రోజులకి ఎన్ని జతల సాక్సులు సరిపోతాయో తేల్చుకోలేక నీరసపడి ఉండగా, మా అమ్మ పెండిల్ హిల్‌లోని తన ఇంటి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కవరొకటి నా ఒళ్లో పడేసింది. విప్పితే ముదురు ఎరుపు మంకీ క్యాపు. ముక్కుకి ఆనించుకున్నాను. కలరా ఉండల వాసన, దాని అడుగున విక్స్ వాసన, ఇంకా అడుగున ఎన్ని ఉతుకులకీ వదలని ఆవకాయ నూనె వాసన. అది మా తమ్ముడిది. వాడికిప్పుడు ఇరవయ్యారేళ్లు, అడిలైడ్‌లో ఉద్యోగం, ఈ టోపీ నీదిరా అంటే నమ్మడు.

మంచు చూడటానికి పోవడమంటే వినేవాళ్లకి సరదాగా ఉంటుంది. పసిపిల్లతో పోవడమంటే అది సరదా కాదు, ఇల్లు మారడం. డైపర్లు, పాల సీసా, రెండు దుప్పట్లు, అన్నం కుక్కరు, జ్వరం మందు, కారులో వాంతి చేసుకుంటే మార్చడానికి బట్టలు, మళ్లీ చేసుకుంటే మార్చడానికి ఇంకో జత. ఇంకా బయల్దేరకముందే నాకు తిరిగొచ్చేసినంత అలసటగా ఉంది. ఆ టోపీ చేతిలో పట్టుకుని, ఈ చాకిరీ అంతా మా అమ్మ ఒకసారి చేసింది కదా అనుకున్నాను, అనుకోగానే గుండెలో ఎక్కడో పాత ముల్లు కదిలింది.

అప్పుడు నాకు పదేళ్లు, తమ్ముడికి ఇంకా రెండు నిండలేదు. గుంటూరులో వానల కోసం ఎదురుచూసే ఆషాఢంలో ఇక్కడ చలి ముదిరేది. పెండిల్ హిల్‌లో మా అద్దె ఇంటి వెనక తాడు మీద ఆరేసిన బట్టలు మూడు రోజులైనా ఆరక హాల్లో గ్యాస్ హీటరు ముందు కుర్చీల మీదికి చేరేవి, ఆ తడిబట్టల ఆవిరీ, మేం ఒలుచుకు తినే కమలాపండ్ల తొక్కల వాసనా, అమ్మ వేసే దోసెల పొగా కలిసి ఇల్లంతా ఒకటే వాసనగా ఉండేది. కిటికీ అద్దాల మీద పట్టిన చెమ్మలో నేను కొండల బొమ్మలు గీసేదాన్ని, తమ్ముడు వాటిని నాలుకతో నాకేవాడు. స్కూల్లో సెలవులు రాగానే సగం మంది మంచుకి పోయొచ్చి, ముక్కులు కమిలి, మెడలో కొండ పైకి మోసుకెళ్లే లిఫ్టు టికెట్లు వేలాడేసుకుని తిరిగేవాళ్లు. ఆ టికెట్టు కోసం నేను రెండేళ్లు నాన్న ప్రాణం తీశాను.

అప్పట్లో మాలో ఎవరూ మంచుబట్టలు కొనుక్కునేవాళ్లు కాదు. తెలుగువాళ్ల ఇళ్ల మధ్య ఒక మూట తిరిగేది. గళ్ల జిప్పు సంచి అది, జూన్ వస్తే ఒక ఆంటీ ఇంటి నుంచి ఇంకో ఆంటీ ఇంటికి ప్రయాణం కట్టేది. జిప్పు పాడైన మగవాళ్ల జాకెట్టు, ఎవరి పిల్లదో ఆకుపచ్చ జాకెట్టు, ఎవరికీ పట్టని ప్యాంట్లు, అన్నీ ఎడమచేతివే అయిన గ్లౌజులు. వాడుకున్నవాళ్లు ఉతికి, ఒక వస్తువు కొత్తగా చేర్చి, తర్వాతి ఇంటికి పంపాలి. నాన్న చివరికి సరేనన్న ఏడు, మూట మా ఇంటికొచ్చిన రోజు అమ్మ దాన్ని హాల్లో గుమ్మరించి, ఆకుపచ్చ జాకెట్టు నాకు తొడిగి, తనకి సరిపోయే ప్యాంటు దొరికేదాకా ఒక్కొక్కటీ ఒంటికి ఆనించి చూసుకుంది. అమ్మ తనకోసం బట్టలు అంత శ్రద్ధగా వెతుక్కోవడం నేను చూడటం అదే మొదటిసారి.

మా అమ్మ హైస్కూల్లో ఖోఖో ఆడేది. జిల్లా పోటీలకి కూడా వెళ్లిందట, ఆమె పరిగెత్తుతుంటే ఎవరూ అందుకునేవాళ్లు కాదట. నేను స్కూలు లైబ్రరీ నుంచి తెచ్చిన స్కీయింగ్ పుస్తకంలో బొమ్మలు చూసి, కాలివేళ్లు లోపలికి, మడమలు బయటికి, మోకాళ్లు వంచి నిలబడితే జారుతున్న మనిషి ఆగుతాడని తెలుసుకుంది. ఇక చూడండి, రెండు వారాలపాటు పొయ్యి ముందు అదే నిలబడటం. దోసె తిరగేస్తూ మడమలు బయటికి తోసేది, నడుం కాస్త వంచేది, "ఇట్టాగేనా?" అని నన్నడిగేది. నాన్న వచ్చి నవ్వితే, చేతిలో అట్లకాడ చూపించి ఆయన్ని హాల్లోకి తరిమేది.

మంచుకొండ మీద పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉందని నాన్న చెప్పారు. అమ్మ వినలేదు.

"మాటలైనా సరిగ్గా రాని పిల్లాణ్ణి ముక్కూ మొహం తెలియని వాళ్ల చేతిలో పెట్టి నేను జారుకుంటా కూచోవాలా? బువ్వ అంటాడు, వాళ్లకేం అర్థమవుద్ది?"

కాబట్టి వంతులు అనుకున్నాం. పొద్దున నాన్న, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి దాకా పిల్లల క్లాసులో నేను, రెండు నుంచి అమ్మ. మాలో ఎవరికీ ఆ ఏర్పాటులో తప్పు కనపడలేదు.

చీకటుండగానే బయల్దేరి, దారిలో రెండుసార్లు తమ్ముడి వాంతులు కడిగి, కూమా దాటాక కారు ఆపి పులిహోర తిని, జిందబైన్‌లో చెరువు మీద పొగమంచు చూస్తూ టైర్లకి కట్టే చైన్లు అద్దెకి తీసుకుని, కొండ మీదికి చేరేసరికి పది దాటింది. స్కీలూ బూట్లూ అద్దెకిచ్చేచోట గంట క్యూ. అమ్మకీ తీసుకున్నారు. తర్వాత తమ్ముడికి బనీను మీద చొక్కా, దాని మీద రెండు స్వెట్టర్లు, చెవుల్లో దూది, పైన ఈ మంకీ క్యాపు, దాని మీద ఎవరిదో జాకెట్టు వేసి, చేతులు కిందికి దిగక అడ్డంగా నిలబడిపోయిన వాణ్ణి ఎత్తుకుని బయటికి తీసుకెళ్లి, మంచు మీద దింపిన నిమిషానికి వాడు డైపరు నింపాడు. అన్నీ విప్పి, అన్నీ మళ్లీ తొడిగేసరికి పన్నెండు. వాడు మంచు వంక ఒకసారి చూసి, చేయి పెట్టి, చల్లగా తగలగానే అమ్మ మెడ కరచుకున్నాడు. ఇక దిగనంటే దిగడు. నాన్న మాత్రం అరగంట జారారు. జారారనేది ఆయన మాట, నేను చూసినప్పుడల్లా కూర్చునే ఉన్నారు.

భోజనాలప్పుడు మంచు పడటం మొదలైంది. కార్లకి చైన్లు వేయాలని ఎవరో వచ్చి చెబితే నాన్న సూచనల కాగితం పట్టుకుని కింద పార్కింగుకి వెళ్లారు, ఎప్పుడొస్తారో ఆయనకే తెలియదు. తమ్ముడికి నిద్ర ముంచుకొచ్చింది. అమ్మ, జనం చిప్స్ తింటున్న క్యాంటీను పెద్ద హాల్లో, కిటికీ పక్కన నేల మీద కూర్చుని, కాళ్లు బార్లా చాపి, వాటి మీద వాణ్ణి పడుకోబెట్టుకుని ఊపడం మొదలుపెట్టింది. వాడు అలాగైతేనే నిద్రపోతాడు, పక్క మీద వేస్తే లేస్తాడు. ఆమె కాళ్లకి అప్పటికే ఆ బరువైన స్కీ బూట్లున్నాయి. ఊపినప్పుడల్లా అవి ఒకదానికొకటి తగిలి టక్కుటక్కుమనేవి. జుట్టు కొప్పు వేసుకుని, ప్యాంటు బూట్ల మీదికి బిగించుకుని, సిద్ధంగా ఉంది.

"రెండింటికల్లా వచ్చెయ్ బుజ్జీ. వాడు లేచినా నీ దగ్గరైతే ఉంటాడు. నేను ఒక్కసారి జారొస్తా," అంది.

"ఓకే అమ్మా, ప్రామిస్," అన్నాను.

క్లాసు రెండింటికి అయిపోయింది. గంటసేపు పడుతూ లేస్తూ ఉన్న నేను ఆఖరి సారి మాత్రం పడకుండా, మడమలు బయటికి తోసి, సరిగ్గా కింద మా కోసం గీసిన గీత దగ్గర ఆగాను. నా జన్మలో అంత గొప్పపని అంతకుముందు చేయలేదు. నిజంగా వచ్చిందా, ఊరికే కుదిరిందా తెలుసుకోవాలనిపించింది. ఒక్కసారి అనుకుని మళ్లీ లిఫ్టు లైన్లో నిలబడ్డాను. కుదిరింది. అమ్మ గుర్తు రాలేదని చెప్పను, బాగా గుర్తుంది. ఇంకొక్కసారే అనుకున్నాను. అలా ఎంతసేపో. గాలి పెరిగిందని లిఫ్టు ఆపేసినప్పుడు గానీ నేను లోపలికి వెళ్లలేదు.

అమ్మ అదే కిటికీ పక్కన అదే భంగిమలో ఉంది. తమ్ముడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"క్లాసు లేటైందమ్మా. వాళ్లు వదల్లేదు," అన్నాను.

అమ్మ నా మొహం మీది తడి తన చున్నీతో తుడిచి, "పోనీలే. మళ్లీ ఏడు వద్దాం," అంది. బూట్లు విప్పితే పాదాల మీద ఎర్రగా గాడులు పడి ఉన్నాయి. నాన్న వచ్చాక అద్దెకిచ్చినచోట స్కీలు తిరిగిస్తుంటే కౌంటర్లో ఉన్నామె వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ఇవి వాడలేదా అని అడిగింది. ఒక్క చుక్క తడి లేదు వాటి మీద. అమ్మ నవ్వి, బేబీ అని తమ్ముణ్ణి చూపించింది. దారిపొడుగునా నేను నిద్రపోయినట్టు కళ్లు మూసుకుని కూర్చున్నాను.

మళ్లీ ఏడు వెళ్లలేదు. తమ్ముడికి చెవిపోటు, ఆ పై ఏడు నాన్నకి నడుంనొప్పి, తర్వాత అమ్మ ఉద్యోగంలో చేరింది. ఏ ఉద్యోగమనుకున్నారు? చైల్డ్‌కేర్ సెంటర్లో. తన పిల్లాణ్ణి ముక్కూ మొహం తెలియని వాళ్లకి ఇవ్వనన్న మనిషి ఇరవై ఏళ్లు ఊరివాళ్ల పిల్లల్ని ఎత్తి దించింది, రెండు మోకాళ్లూ అక్కడే అరగదీసుకుంది.

ఆ గళ్ల సంచి ఎప్పుడు, ఎవరి ఇంట్లో ఆగిపోయిందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఫోన్లో నొక్కితే కొలతకి సరిపోయే జాకెట్లు గుమ్మం ముందుకొస్తున్నాయి, ఏ ఆంటీ ఇంటికీ వెళ్లి టీ తాగి తెచ్చుకోనక్కర్లేదు. మంచు కూడా సగం మిషన్లే పోస్తున్నాయంటున్నారు. కాళ్లు చాపి నేల మీద కూర్చోవడం అమ్మ ఎప్పుడో మానేసింది, కూర్చుంటే లేవలేదు. నేనేమో మా పాపకి క్రెష్ బుక్ చేశాను, పది నుంచి మూడు దాకా.

నిన్న ఆ టోపీ చేతిలో పట్టుకుని, పాతికేళ్ల తర్వాత, చెప్పేశాను.

"అమ్మా, ఆ రోజు క్లాసు లేటవ్వలేదు."

అమ్మ పాప స్వెట్టరు మడతపెడుతోంది. తలెత్తలేదు.

"నాకు తెలుసు. కిటికీలోంచి కనపడతానే ఉన్నావుగా ఆకుపచ్చ జాకెట్టులో. రెండు దాటాక ఏడుసార్లు పైకెళ్లావు."

"మరి కేకేసి పిలవలేదేం?" అన్నాను.

"కాళ్ల మీద వాడున్నాడు, ఎట్టా లేస్తా? మొదట్లో కోపమొచ్చిందిలే. తర్వాత నువ్వు పడతావేమోనని చూస్తా కూచున్నా. ఒక్కసారీ పడ్లేదు."

ఇప్పుడైనా జారుదువు గాని రా, నేను పట్టుకుంటాను అన్నాను. ఈ మోకాళ్లతోనా అని నవ్వింది. ఏడుపొచ్చింది నాకు, దాచుకోలేదు. పాప వచ్చి నా మొహం చూసి, "మమ్మా సాడ్?" అంది. అమ్మ దాన్ని ఒళ్లోకి లాక్కుని ఆ ఎర్ర టోపీ తలకి తొడిగింది.

"ఆ క్రెష్ కాన్సిల్ చెయ్. నేనూ వస్తాగా, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని దీన్ని చూసుకుంటా. మీ ఆయనా నువ్వూ పొండి."

వద్దమ్మా, పోయినసారీ ఇంతే కదా అని ఎంత చెప్పినా వినదు. వాదించే ఓపిక నాకు లేకపోయింది. ఫోన్ తీసి క్రెష్ కాన్సిల్ చేస్తుంటే అమ్మ మళ్లీ స్వెట్టరు అందుకుంది.

"రెండింటికి రాకపోయినా ఏం కాదులే బుజ్జీ," అంది.