ఎడమ గార్డు ఎవరు?

హార్లన్ స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి వందేళ్లు నిండాయి. ఆ వందేళ్లలో గెలిచినవెన్నో ఓడినవెన్నో అడిగితే బెల్‌ఫోర్డ్ ఊళ్లో అందరికీ దగ్గొస్తుంది. కానీ వందేళ్ల ఆటగాళ్లలోంచి అందరికంటే గొప్పవాళ్లని ఏరి ఒకే జట్టుగా కూర్చాలన్న ఆలోచన మాత్రం ఊరంతటికీ ఒకేసారి పుట్టింది. మంగలి షాపులో కూర్చున్న ప్రతివాడి జేబులోనూ అలాంటి జట్టొకటి ఏనాటినుంచో సిద్ధంగా ఉంది. దానికి రాజముద్ర వెయ్యడానికి కాలేజీ వాళ్లు అయిదుగురితో కమిటీ వేశారు. ట్రాక్టర్లమ్మే డ్వైట్ హగ్గిన్స్ అధ్యక్షుడు. చర్చి పాస్టరు గాంట్, ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు, ఒక పళ్ల డాక్టరు సభ్యులు. అయిదో మనిషి ఇమొజీన్ క్రాడక్.

"ఆడవాళ్లు ఒకరైనా ఉండాలి కదా మిస్ ఇమొజీన్. పైగా మీకు టైపింగు వచ్చు," అన్నాడు డ్వైట్. పొగిడాననే అనుకున్నాడు.

ఇమొజీన్‌కి డెబ్బై మూడేళ్లు. ఇరవై రెండో ఏట ఫుట్‌బాల్ ఆఫీసులో గుమాస్తాగా చేరి ముప్పై తొమ్మిదేళ్లు అదే కుర్చీలో కూర్చుంది. ఆమె ముందు నుంచి ఆరుగురు కోచ్‌లు వెళ్లారు. ప్రతివాడూ వచ్చిన రోజున జట్టంటే కుటుంబమని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పక్క రాష్ట్రం కాలేజీ ఇంకో నాలుగు రూకలు ఎక్కువిస్తాననగానే కుటుంబాన్ని గాలికొదిలేసి సామాను సర్దుకున్నాడు. బర్ల్ సాటర్‌ఫీల్డ్ ఒక్కడే పందొమ్మిదేళ్లు ఉన్నాడు. అందుకని స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. ఇమొజీన్ పెళ్లాడిన మందుల షాపాయన చచ్చిపోయేదాకా ఒక్క ఆటకీ వెళ్లలేదు. ఆయనలో తనకి నచ్చిన గుణం అదేనని ఆమె ఎవరడిగినా చెప్పేది.

ఆటైతే ఆమె కూడా పెద్దగా చూడలేదు. కానీ ఆట గురించి ఆమెకి తెలిసినంత ఆ కమిటీలో నలుగురికీ కలిపినా తెలియదు. ప్రతి ఆదివారం కోచ్‌లు తలుపేసుకుని ముందురోజు ఆట రీలు వేసుకునేవారు. ప్రతి ఎత్తుకీ ప్రతి కుర్రాడికీ మార్కులు వేసేవారు. ఆ మార్కులన్నీ టైపు చేసేది ఇమొజీన్. బంతి చంకన పెట్టుకుని పరిగెత్తేవాణ్ణి చూసి ఊరు ఊగిపోతుంది. వాడికి దారి చెయ్యడానికి ముందు వరసలో వంగి, ఎదుటివాణ్ణి ఛాతీతో నెట్టే అయిదుగురి పేర్లు వాళ్ల అమ్మలకి తప్ప ఎవరికీ పట్టవు. ఇమొజీన్‌కి మాత్రం అవన్నీ కంఠతా వచ్చు. ముప్పై తొమ్మిదేళ్లలో వారం వారం తొంభైకి తగ్గకుండా మార్కులు తెచ్చుకున్నవాడు ఒక్కడే. పందొమ్మిది వందల డెబ్బై మూడులో ఆ వరసలో ఎడమ గార్డుగా ఆడిన క్లియోఫస్ టేట్.

కమిటీ మొదటిసారి కూడింది డ్వైట్ షోరూము వెనక గదిలో. కొత్త టైర్ల కంపు మధ్య చీజు శాండ్‌విచ్‌లు తింటూ అరగంటలో సగం జట్టు తేల్చేశారు. అందరూ చిన్నప్పుడు గోడకి అంటించుకున్న బొమ్మలే గనక తగవు రాలేదు. ఎడమ గార్డు దగ్గరికొచ్చేసరికి డ్వైట్ గొంతు సవరించుకున్నాడు.

"దీనికి చర్చెందుకు? మా నాన్న రాస్కో హగ్గిన్స్. నలభై ఎనిమిది జట్టు."

"నలభై ఎనిమిదిలో మనవాళ్లు ఒక్క ఆటైనా గెలిచారా డ్వైట్?" అంది ఇమొజీన్.

"అది నాన్న తప్పా?"

"అందరూ ఎడమవైపు నుంచే చొచ్చుకొచ్చారని పేపర్లో రాశారు మరి."

పళ్ల డాక్టరు శాండ్‌విచ్ అడ్డం పెట్టుకుని నవ్వాడు. పాస్టరు, "పోయినవాళ్ల గురించి అలా అనకూడదమ్మా," అన్నాడు.

"పోయినవాళ్లని నేనేమీ అనట్లేదు, వాళ్ల ఆటనంటున్నాను. ఆ చోటు క్లియోఫస్ టేట్‌ది."

డ్వైట్ దీనికి ముందే సిద్ధపడి వచ్చాడు. అట్ట ఫైలు తెరిచి పసుపెక్కిన కాగితం తీశాడు. "ఆటల సీజను మధ్యలో జట్టుని వదిలిపోయినవాడికి చోటు లేదని మనం మొదట్లోనే నిబంధన రాసుకున్నాం. వినండి. 'నేను నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా, జట్టునూ స్కాలర్‌షిప్పునూ వదులుకుంటున్నాను.' కింద టేట్ సంతకం. దాని కింద సాక్షి." కాగితం ఆమె వైపు తిప్పాడు. "ఇది ఎవరి సంతకం మిస్ ఇమొజీన్?"

ఇమొజీన్ క్రాడక్ అని గుండ్రటి అక్షరాలతో ఉంది. గార్డు సంగతి వచ్చేవారానికి వాయిదా వేశారు.

ఆ కాగితం కథ ఇది. ఆడే కుర్రాళ్లకి ఉచితంగా చదువు చెప్పించే స్కాలర్‌షిప్పులు ఒక జట్టుకి ఇన్నే అని పైవాళ్లు కట్టడి చేసిన రోజులవి. దెబ్బ తగిలి మూలపడ్డవాడు ఒకటి పట్టుకుని కూర్చుంటే కొత్తవాణ్ణి తేవడానికి చోటుండేది కాదు. తీసెయ్యడానికి రూలు ఒప్పుకోదు. కుర్రాడు తనంతట తాను పోవాలి. అలా పోయేట్టు చెయ్యడాన్ని కోచ్‌లు తమలో తాము తరమడం అనుకునేవారు. పొద్దున అయిదింటికి ఇసకబస్తా భుజాన వేసి స్టేడియం మెట్లెక్కించి దింపించేవారు. మెట్ల కింద బల్ల, బల్ల మీద కాగితం, కలం. వాంతి చేసుకున్నవాడికి బక్కెట్టు ఇచ్చేవారు, ఏడ్చినవాడికి కలం ఇచ్చేవారు. ఆ కాగితాలు ఇమొజీన్ పదేసి చొప్పున ముందే టైపు చేసి, పేరుండాల్సిన చోట ఖాళీ వదిలి, సాక్షి గీత మీద తన సంతకం పెట్టి, కోచ్ సాటర్‌ఫీల్డ్ సొరుగులో పడేసేది. కాఫీ కలపడం, కవర్లు చింపడం లాగా అదీ ఒక పని. క్లియోఫస్ టేట్ భుజం జారింది అక్టోబరులో. తొమ్మిదో రోజు పొద్దున సంతకం పెట్టాడు. ఆ సంతకం పెట్టేటప్పుడు సాక్షి తన ఇంట్లో గుడ్లు వేయించుకుంటోంది.

తరిమినవాళ్లు మొత్తం ముప్పై ఒక్కరు. తెల్లవాళ్లూ ఉన్నారు, నల్లవాళ్లూ ఉన్నారు. భుజం విరిగినవాడి రంగు సాటర్‌ఫీల్డ్ ఎన్నడూ చూడలేదు. ఆయన విశాల హృదయం గురించి ఊరు చెప్పుకునే కథల్లో ఇదొక్కటే నిజం.

వారం రోజులు ఇమొజీన్ రెండు దారులూ తూచి చూసింది. ఊరుకుంటే టేట్ పారిపోయినవాడిగానే మిగిలిపోతాడు. నోరు తెరిస్తే తానొక దొంగ సాక్షి. నిక్కచ్చి మనిషని ఊళ్లో ఆమెకున్న పేరు ముప్పై తొమ్మిదేళ్ల కష్టార్జితం. ఆమెకి వేరే ఆస్తి లేదు.

రెండో సమావేశానికి డ్వైట్ సాటర్‌ఫీల్డ్‌నే పిలిపించాడు. ఎనభై ఎనిమిదేళ్లు, రెండు వినికిడి యంత్రాలు, కాలేజీ రంగు కోటు. అందరూ లేచి నిలబడ్డారు. పాస్టరు దేవుడి కోసం కూడా అంత చురుగ్గా లేవడు. ఇమొజీన్ లేవలేదు.

"టేట్ కాగితం అబద్ధం," అంది. "సాక్షిగా సంతకం పెట్టాను గానీ నేను చూసిందేమీ లేదు. ఖాళీ కాగితాల మీద పదేసి సంతకాలు ముందే పెట్టేదాన్ని. వాడు వదిలిపోలేదు. మనం తరిమాం."

డ్వైట్ బాధ నటిస్తూ ముసలాయన వైపు వంగాడు. "కోచ్‌గారూ, వయసు మీద పడి మిస్ ఇమొజీన్ ఏదో..."

"వయసేంటి?" అని అరిచాడు సాటర్‌ఫీల్డ్. "సరిగ్గా చెప్పింది. తరమక ముద్దెట్టుకుంటామా? ముప్పైమందిని తరిమాను."

"ముప్పై ఒక్కరు," అంది ఇమొజీన్.

"చూశావా, దానికి లెక్క కూడా తెలుసు! ఆ టేట్‌గాడు తొమ్మిది రోజులు పరిగెత్తాడయ్యా, ఒంటి భుజంతో. ఇంకెవడూ నాలుగు రోజులు దాటలేదు. అంతటి గార్డు నాకు మళ్లీ దొరకలేదు."

"మరెందుకు తరిమారు?" అన్నాడు పళ్ల డాక్టరు.

"భుజం పోయిందిగా!" అన్నాడు కోచ్, వీడికెంత చెప్పినా ఇంతే అన్నట్టు.

ఆయన ముఖంలో సిగ్గు కోసం ఇమొజీన్ వెతికింది. తన సిగ్గుకి తోడు దొరుకుతుందేమోనని ఆశ. వెతికినంతసేపూ ఆయన శాండ్‌విచ్ నమిలాడు.

ఇప్పుడు కమిటీ ఇరుకున పడింది. కోచ్ మాట కాదంటే స్టేడియం పేరు అబద్ధాలకోరుదవుతుంది. ఔనంటే టేట్‌ని తీసుకోవాలి. పెద్దమనుషులు ఇలాంటప్పుడు చేసేదే వీళ్లూ చేశారు, కొత్త నిబంధన వెతికారు.

"పూర్తిగా నాలుగేళ్లు ఆడినవాళ్లే అర్హులు అందాం," అన్నాడు డ్వైట్.

"అయితే జూనియర్ మెల్టన్‌ని కొట్టెయ్యనా?" అంది ఇమొజీన్ పెన్సిలు ఎత్తి. స్టేడియం ముందు కంచు విగ్రహం మెల్టన్‌దే. మూడో ఏడు అవగానే డబ్బిచ్చి ఆడించేవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

"వద్దొద్దు! సరే, డిగ్రీ పూర్తి చేసినవాళ్లు."

"మీ నాన్న రెండో ఏడే చదువు మానేసి దాణా కొట్టు పెట్టుకున్నాడు డ్వైట్."

"నడవడిక," అన్నాడు పాస్టరు వేలెత్తి. "యువతకి ఆదర్శంగా ఉండాలి కదా."

"మనం ఆట నడిపించడానికి రాసుకున్న క్వార్టర్‌బ్యాకు జైలు నుంచి వచ్చేది మార్చిలోనా, మేలోనా?"

పాస్టరు వేలు దించాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు టైము చూసుకున్నాడు. చివరికి వేరే దారి లేక, న్యాయం మీద ప్రేమ రవ్వంత కూడా లేకుండా, క్లియోఫస్ టేట్‌ని ఎడమ గార్డుగా రాసుకున్నారు. డ్వైట్ ఆ పేరు రాసుకున్న తీరు చూస్తే పన్ను పీకించుకుంటున్నట్టుంది.

మర్నాడు మధ్యాహ్నం ఇమొజీన్ తనే కారు నడుపుకుంటూ రైలు పట్టాల అవతలి పేటకి వెళ్లింది. టేట్ ఇంటి పక్క షెడ్డులో గడ్డి కోసే యంత్రాలు బాగు చేస్తాడు. యాభై ఆరేళ్లవాడు. ఎడమ భుజం కుడిదాని కంటే రెండంగుళాలు కిందికి ఉంది. వంటింట్లో కూర్చోబెట్టి చల్లటి తీపి టీ ఇచ్చాడు. ఆమె గ్లాసు ముట్టుకోకుండా ఉన్నదంతా చెప్పేసింది.

"టేట్ గారూ, ఆ సాక్షి సంతకం నాదే. చూడకుండానే పెట్టాను."

"తెలుసు. మెట్ల దగ్గర నేను చదివిన కాగితమేగా అది. నా పేరు రాయకముందే మీ పేరుంది. ఈవిడెవరో నాకంటే తొందరలో ఉందే అనుకున్నాను."

ఆమె క్షమాపణ అడగబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది మీలో మీరు చూసుకోండి, నా వంటింట్లో వద్దు. జట్టు సంగతి చెప్పండి. నా పక్క చోటు, ఎడమ టాకిల్ ఎవరు?"

"వార్నర్ స్టోక్స్."

"స్టోక్సా! గాలికి తలుపు కొట్టుకుంటే పక్కకి తప్పుకునేవాడు. సరే, సెంటరెవరు?"

అయిదు నిమిషాల్లో కమిటీ మొత్తాన్నీ ఉతికి ఆరేశాడు. మంగలి షాపులో అందరి జేబుల్లో ఉన్నట్టే ఆయన జేబులోనూ ఒక జట్టుంది. ఎంతకీ ఆయన పేరు రాకపోయేసరికి ఇమొజీనే అడిగింది.

"ఎడమ గార్డు?"

"హార్వెల్ స్పాన్."

"అతనెవరు?"

"నాకు ముందు ఏడాదివాడు. మడమ విరిగింది. నాలుగో రోజు సంతకం పెట్టాడు. ఆ కాగితానికీ సాక్షి మీరే అయ్యుంటారు."

ఇమొజీన్ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. మార్కులు గుర్తున్నాయి. మూడు ఆటలు, ఎనభై ఎనిమిది, తొంభై ఆరు, తొంభై అయిదు. మూడే ఆటలని ఎప్పుడూ పక్కన పెట్టేసింది. ముఖం మాత్రం ఎంతకీ రాలేదు.

"నాకు వచ్చిందంతా స్పాన్ నేర్పిందే," అన్నాడు టేట్. "పాదం ముందు పడాలి, తల తర్వాత, అనేవాడు. వాణ్ణి తరిమితేనే నాకు ఆ చోటు దొరికింది. నిజం చెప్పాలని ఇంత దూరం వచ్చారు కదా, సగం చెప్పి పోతారేం? నా పేరు తియ్యండి. పక్కవాడి చోట్లో నిలబడి చప్పట్లు కొట్టించుకోను."

"మూడే ఆటలంటే వాళ్లు ఒప్పుకోరండీ."

"ఎలా ఒప్పుకుంటారు? ఆడనిస్తేగా?"

ఇమొజీన్ ఆయన గోడ ఫోను అడిగి డ్వైట్‌కి కలిపింది. టేట్ వద్దంటున్నాడనగానే అవతల డ్వైట్ ఊపిరి వదలడం వంటింట్లోకి వినిపించింది.

"పోనీలెండి పాపం, ఆయన ఇష్టం. మనం ఎంత గౌరవించినా... సరే, నాన్న పేరు టైపు చేసెయ్యండి మిస్ ఇమొజీన్. ప్రెస్సువాడు కాచుకుని ఉన్నాడు."

"ఇంకో పేరుంది డ్వైట్. హార్వెల్ స్పాన్."

"ఎవడు వాడు?"

"సోమవారం చెబుతాను. కోచ్‌ని కూడా రమ్మను. ఆయనకి గుర్తుండకపోవచ్చు, నాకూ లేదు. అందుకని టేట్ గారిని వెంటబెట్టుకొస్తాను."

"ఏమండీ, ఇలా పోతే ఇది ఎక్కడ తేలుతుంది?"

"ముప్పై ఒక్కరున్నారు డ్వైట్. శాండ్‌విచ్‌లు ఎక్కువే చేయించు," అని ఫోను పెట్టేసింది.