బావ వదిలేసిన ఉద్యోగం

ఇదొక మహాగాథ. ఇందులో ఒక సింహాసనం ఉంది, దాన్ని చేజేతులా వదులుకున్న మహానుభావుడు ఉన్నాడు, ఆయన్ని చూసి లోలోపల ఉడికిపోయిన వీరుడు ఉన్నాడు. చివర్లో త్యాగం కూడా ఉంది.

నిజానికి అంత లేదు. సింహాసనం అంటే డ్రిప్పు పైపుల కంపెనీలో ఏరియా మేనేజరు ఉద్యోగం. మహానుభావుడు మా అక్క మొగుడు. వీరుడిని నేను. ఉడుకు ఒక్కటే నిజం. అనంతపురం ఎండల్లో అది విడిగా కనబడదు కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు.

కదిరి నుంచి ఉరవకొండ దాకా ఎక్కడ చీనీ తోట, బయటివాళ్ల మాటలో బత్తాయి తోట, ఉన్నా అక్కడ పైపు వేసింది మా బావే. ఆయన కిందనే నన్ను కంపెనీలో చేర్చారు. ఏ ఊరికి పోయినా ఆయనకు నులకమంచం వాల్చేవాళ్లు, చీనీకాయలు పిండి రసం ఇచ్చేవాళ్లు. నన్ను మాత్రం జీపును కాస్త నీడకు పెట్టమనేవాళ్లు. మంచం మీద కూర్చుని రసం తాగే ఆ మనిషిని చూస్తూ, ఈయన ఎప్పుడు లేస్తాడా, నేనెప్పుడు కూర్చుంటానా అని చాలాకాలం ఎదురుచూశాను.

లేచాడు. ఎవరూ లేపకుండానే లేచాడు. తనకు పొద్దున పూట పని మాత్రమే చాలని, ఆఫీసులో కూర్చుని రైతుల ఫోన్లు చూసుకుంటానని, జీతం ఎంత తగ్గించినా సరేనని పెద్ద సారుతో చెప్పి వచ్చాడు. కారణాలు రెండే. పిల్లలతో ఉండాలి, చెక్కభజన మళ్లీ మొదలుపెట్టాలి. పెళ్లికి ముందు ఆయన వాళ్ల ఊరి దళంలో ఆడేవాడట. కాళ్లకు గజ్జెలు, చేతుల్లో మువ్వలు బిగించిన చెక్కలు, వలయంగా తిరుగుతూ పాటకు తగ్గ అడుగులు. అందుకోసం ఒక మనిషి జీపు వదులుకున్నాడు.

మా అమ్మ ఆయన నుదురు తాకి జ్వరమేమో చూసింది. నాయన ఎవరైనా మందు పెట్టినారేమో అని అనుమానపడ్డాడు. అక్క మాత్రం కొన్నాళ్ల తర్వాత నాతో అన్నది, "పగటిపూట ఇంట్లో మగమనిషి తిరుగుతాంటే దొంగేమో అని ఉలిక్కిపడతాండానురా." తిట్టినట్లే ఉన్నా, ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం బాగా తేటగా ఉంది. అది కూడా నాకు నచ్చలేదు.

ఉద్యోగం నాకు వచ్చింది. మంచమూ వచ్చింది, రసమూ వచ్చింది. రసం కొంచెం చేదుగా ఉంటుందని అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ బావ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మేము, అక్కావాళ్లు బుక్కరాయసముద్రంలో ఒకే వీధిలో ఉంటాం. నేను తోటలన్నీ తిరిగి ఇల్లు చేరేసరికి మా పాప నిద్రపోయి ఉండేది. ఆ రోజు ఏం జరిగిందో నా భార్య వార్తలు చదివినట్లు చెప్పేది. రోజూ సాయంత్రం బావ వచ్చి పాపను భుజాన ఎత్తుకుని, మూతపడిన శనక్కాయల మిల్లు ముందున్న బండల మీదికి తీసుకుపోతాడు. అక్కడే ఐదింటి నుంచి చీకటి పడేదాకా దళం సాధన. పాప తొలి అడుగులు ఆ బండల మీదే వేసింది. మొదట పలికిన మాట 'మామ'. తర్వాత 'అమ్మ'. తర్వాత వీధి కుక్కను చూసి 'బౌబౌ'. నా వంతు ఆ తర్వాత వచ్చింది. కుక్కకు నాకన్నా సెలవులు ఎక్కువ కాబట్టి న్యాయమే అనుకున్నాను. అనుకున్నానే గానీ నమ్మలేదు.

ఒక ఆదివారం నేనూ మిల్లు దగ్గరికి పోయాను. బావ పొట్ట గజ్జెల కన్నా ఒక క్షణం ఆలస్యంగా ఎగురుతోంది. దాని మీద మంచి జోకు వేయొచ్చు. అది మానేసి, ఆ బరువైన మనిషి అంత తేలిగ్గా ఎలా తిరుగుతున్నాడో చూస్తూ ఉండిపోయాను. పాప బండ మీద కూర్చుని చప్పట్లు కొడుతోంది. పేరు పెట్టి పిలిచాను. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన మనిషిని చూసినట్లు ఒకసారి చూసి, మళ్లీ మామ వైపు తిరిగింది.

ఆ రోజే దళంలో చేరాను. కళ మీద ప్రేమతో కాదు. పాప ఎటు చూస్తోందో అక్కడ నిలబడాలి, అంతే. పాట చెప్పే గురువు నన్ను చివర్లో నిలబెట్టి నాలుగు అడుగులు నేర్పాడు. ఆదివారం నేర్చింది సోమవారానికి మరిచిపోయేవాణ్ణి. అందుకని పని మధ్యలో కూడా మనసులో అడుగులు వేసుకోవడం అలవాటు చేసుకున్నాను. మూడు ముందుకు, ఒకటి వెనక్కి, పక్కకు తిరిగి మళ్లీ మూడు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కొత్తగా చీనీ మొక్కలు పెట్టే చేనులో కంపెనీ మనిషి అడుగులతో దూరం కొలుస్తూ నడుస్తాడు. వెనకాలే రైతు సున్నం బుట్ట పట్టుకుని వచ్చి, అతను ఆగిన ప్రతిచోటా ఒక పిడికెడు వేస్తాడు. సున్నం పడిన చోట గుంత, గుంతలో మొక్క, మొక్క పక్కన పైపు. ఉరవకొండ దగ్గర ఒక పెద్దాయన చేనులో నేను అలాగే నడిచాను. కాకపోతే నడుస్తున్నంతసేపూ తలలో చెక్కలు మోగుతున్నాయి. పని అయ్యాక వెనక్కి తిరిగి కూడా చూడలేదు. బాగా కుదిరిందన్న సంతోషంతో జీపెక్కాను.

వారం తర్వాత ఆయన ఫోన్ చేశాడు.

"ఏమప్పా, గుంతలు తీపిచ్చినాము. చెట్లు గుండ్రంగా పెట్టే పద్ధతి ఏమన్నా కొత్తగా వచ్చిండాదా?"

సున్నం వేసేటప్పుడే ఎందుకు అడగలేదన్నాను. కంపెనీవాళ్లు నీళ్లు మిగిల్చడానికి ఏదో లెక్క కనిపెట్టినారేమో అనుకున్నాడట. ఈ నేల మీద నీళ్లు మిగులుతాయంటే మనుషులు గుండ్రంగానే కాదు, తలకిందులుగా నాటమన్నా నాటుతారు. పక్క చేన్లవాళ్లు వచ్చి చూసి, తమకూ అట్లాగే వేయించమని అడిగారట.

సంగతి పెద్ద సారు దాకా పోయింది. ఆ రైతుకు బావ మీద గురి ఎక్కువ కాబట్టి, సర్దిచెప్పి రమ్మని ఆయన్ని నాతో పంపారు. నన్ను తిడతాడని ఎదురుచూశాను. నిజానికి తిడితే బాగుండుననుకున్నాను. ఆయనా ఒకసారి కోప్పడితే మేమిద్దరం మామూలు మనుషులమవుతాం.

బావ గుంతల పక్కన నిలబడి చాలాసేపు చూశాడు. తర్వాత మొదటి గుంత దగ్గర నుంచి మెల్లగా నడిచాడు. ముందుకు మూడు, వెనక్కి ఒకటి. పక్కకు తిరిగేచోట ఆగాడు.

"బామ్మర్దీ, ఈడ తప్పినావు. తిరగాల్సింది ఎడమకు."

చేను పాడు చేసింది కాదు, అడుగు తప్పింది కనబడింది ఆయనకు. అప్పుడు కలిగినంత అసూయ మంచం చూసినప్పుడు కూడా కలగలేదు.

గుంతలు ఇద్దరమే పూడ్చాం. మట్టి ఎగదోస్తూ, ఉద్యోగం ఎట్ల వదులుకోగలిగినావని అడిగాను. ఏదో పెద్ద మాట చెబుతాడనుకున్నాను.

"ఏముందిరా. ఒక దినం ఇంటికి పోతే మా చిన్నోడు తలుపు తీసి, అమ్మా ఎవరో వచ్చినారు అన్యాడు."

అక్కడ నేనొక జోకు వేయాలి. గుంతలో మట్టి వేశాను.

మరుసటి రోజు పెద్ద సారు దగ్గరికి పోయి, నాకూ పొద్దున పూట పని చాలన్నాను. నేను రెండో కారణానికి రాకముందే ఆయన ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోవడంలో కొంచెం మర్యాదైనా చూపించి ఉండవచ్చు. జీపు ఇంకెవరికో ఇచ్చి, నాకు మధ్యాహ్నం దాకా గోడౌనులో పైపుల చుట్టలు చూసుకునే పని ఇచ్చారు. వీధిలో వాళ్లు కుటుంబం కోసం ఎంత త్యాగం అన్నారు. అక్క అనలేదు.

"దీనికి గూడా బావతో పోటీనేనా?" అన్నది.

అవునన్నాను.

మొదటిరోజు రెండింటికల్లా ఇల్లు చేరాను. పాప నిద్రపోతోంది. పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ కాపలా కాశాను. నాలుగున్నరకు లేచింది. నన్ను చూసింది. మీటరు మనిషినైతే ఇంతసేపు ఉండనని తనకూ తోచిందేమో, వచ్చి ఒళ్లో కూర్చుని నా గడియారం కొరకడం మొదలుపెట్టింది. అంతసేపు ఎవరి మీదా కుళ్లు రాలేదు. నాకే కొత్తగా అనిపించింది.

ఇంతలో బావ గజ్జెల సంచీతో గుమ్మంలోకి వచ్చాడు, ఇద్దరమూ కలిసే పోదాం రమ్మన్నాడు. నేను చెక్కలు తీసుకుని పాపను ఎత్తుకున్నాను. వంటింట్లోంచి నా భార్య రబ్బరు పైపు పట్టుకుని వచ్చింది.

"ఇన్నాళ్లూ నీళ్లు నేనొక్కదాన్నే పట్టినాను. ఇంక ఇంట్లోనే ఉంటావు గదా" అని పైపు నా చేతికిచ్చి, పాపను తీసుకుని బావకు ఇచ్చింది.

మా వీధికి కొళాయి నీళ్లు రోజూ సాయంత్రం ఐదింటికి వదులుతారు, ఆరున్నరకు కట్టేస్తారు. మనిషి పట్టుకోకపోతే పైపు డ్రమ్ములో నిలవదు.