ఎడమకి ఒరిగిన అతుకు

మేస్త్రి జాకీని నమ్మడు. ట్రైలర్ని లేపాక కింద చెక్క దిమ్మలు పేర్చి, ఒక్కొక్కదాన్నీ కాలితో తన్ని చూసుకుని గానీ లోపలికి దూరడు. అరిగిన యాక్సిల్ బయటికి రాగానే గ్యాస్ కట్టర్‌తో రెండు ముక్కలు చేస్తాడు. “అట్టే పెడితే ఎప్పటికైనా పనికొస్తుంది కదా” అని ఓనర్లు నసిగితే విననట్టే ఉంటాడు. మధ్యాహ్నం అక్క పంపిన క్యారేజీ విప్పి, మెతుకు మిగల్చకుండా తిని, తనే కడిగి మేకుకి తగిలిస్తాడు.

ఆ రోజు ఒక ముసలి ట్రైలర్ వెనక యాక్సిల్ విప్పి బయటికి లాగారు. దాని మీద గ్రీజూ మట్టీ గోకుతుంటే మేస్త్రి చెయ్యి ఆగిపోయింది. కింద పాత వెల్డింగ్ అతుకు, చేపపొలుసుల్లా వరసగా, చివరికొచ్చేసరికి ఎడమకి ఒరిగి ఉంది. ఎడమచేతి వాటం వల్ల మేస్త్రి అతుకులన్నీ అలాగే ఒరుగుతాయి. బొటనవేలితో రెండుసార్లు తడిమాడు. ఓనరు వంగి చూసి, “నేను కొనకముందు ఎవడు వేశాడో గానీ పదకొండేళ్లు మోసింది. గట్టి చెయ్యే” అన్నాడు.

“ఆ వారమే ఇంకోటి కూడా వేశాడు” అన్నాడు మేస్త్రి, కట్టర్ వెలిగిస్తూ. “అది మా బావ బండికి. ఘాట్ రోడ్డులో రెండో మలుపు దాటకుండానే విరిగింది. బావ దక్కలేదు.”

“మరి వాణ్ణి ఊరికే వదిలేశారా?”

మేస్త్రి నల్లద్దాలు కళ్ల మీదికి దించుకున్నాడు.

“అక్కకి తెలీదు. ఇప్పటికీ రోజూ వాడికి క్యారేజీ పంపుతోంది” అంటూ మంటని అతుకు మీద పెట్టాడు.