మాస్కు దించి అడిగిన ప్రశ్న

ఏడేళ్లుగా నేను మోస్తున్న బరువు చిటికెడు పొడి. బరువులెత్తడంలో నాకెప్పుడూ పెద్ద పేరు లేదు కానీ, దీన్ని దించుకోవడం కూడా చేతకాలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఈ పరాయి దేశంలో, క్యారీ అనే ఊరి దగ్గర ఒక ల్యాబ్‌లో పాత ఎముకల నుంచి డీఎన్ఏ తీసేవాళ్లం. మూడు వేల ఏళ్ల కిందట మధ్యధరా తీరాన బతికిన ఫిలిష్తీయులు అసలు ఎక్కడి నుంచి వచ్చారో తేల్చాలి. సముద్రం దాటి వచ్చారని ఒక ఊహ. మాకు అందింది ఇంటి నేల కింద పాతిపెట్టిన ఒక పసిబిడ్డ చెవిలోపలి ఎముక. గోరంత. పొడి చేస్తే ఇక మిగలదు.

ఆ మధ్యాహ్నం క్లీన్ రూమ్‌లో నేనొక్కడినే. ఒళ్లంతా తెల్లసూటు, మూతికి మాస్కు. గాలి వడపోసే యంత్రం జోల పాడుతోంది. దీపం వెలుగులో పొడి మంచులా తేలి దిగుతోంది. నేను మెలకువగానే ఉన్నానా? ఉన్నాననే అనుకుంటాను. ఇక్కడ తెలుగువాడు ఎదురైతే మనం మొదట అడిగేదొకటుంది కదా. మాస్కు గడ్డం కిందికి లాగి, వంగి, ఎంతో మర్యాదగా అడిగాను: "మీదే ఊరండీ?"

జోకు. వినేవాళ్లెవరూ లేరు. పొడి మీద నా నోటి తుంపర పడిందని తెలుసు. తెలిసే మాస్కు పైకి లాక్కుని పని కానిచ్చాను.

నెల తర్వాత డీఎన్ఏ చదివే యంత్రం జవాబిచ్చింది: మీ ఊరే. చిక్కిన డీఎన్ఏ ఇప్పటిది, దక్షిణాసియా మగవాడిది. బిడ్డది ఆనవాలైనా లేదు. ల్యాబ్‌లో అలాంటివాళ్లం ఇద్దరం: నేనూ, ముందుగా ఆ ఎముకను శుభ్రం చేసిన రమణా. మూడు వేల ఏళ్ల నాటి వలసను పసిగట్టబోయిన మాకు, ఆ కాస్త ఆధారంతో పక్కపక్క బల్లల వాళ్లలో ఎవరో తేలలేదు.

పార్కింగ్ లాట్‌లో రమణ నా కారు దగ్గర నిలబడి ఉన్నాడు.

"అన్నా, నాదే అయ్యుంటది. గ్లాసెస్ ఫాగ్ అయితే మాస్క్ ఒక్కసారి అడ్జస్ట్ చేసుకున్న. ప్రొఫెసర్‌కి చెప్పేసిన."

నా వీసా రెన్యువల్ ఆ నెలలోనే ఉంది. అతనిదీ ఉంది. అదీ నాకు తెలుసు.

"పోనీలే రమణా, ఎవరికైనా జరుగుతుంది."

"నువ్వు గనక ఇట్లంటున్నవ్. థ్యాంక్స్ అన్నా."

నా తప్పుకు అతన్ని క్షమించాను. పెద్దమనసుతో.

ఆ తర్వాత ప్రొఫెసర్ అతన్ని క్లీన్ రూమ్‌లో అడుగు పెట్టనివ్వలేదు. పుర్రె ముక్కనైనా పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకునే మనిషి, ఇప్పుడు ప్లేనో అనే ఊళ్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాడు. ఏటా కొత్త సంవత్సరానికి మెసేజ్ పెడతాడు: "అన్నా, ఎముకలు బాగున్నయా?" బాగున్నాయని రాస్తాను. ఎందుకు? భయమా? భయం నా గ్రీన్‌కార్డుతో తీరిపోయింది. మరి ఆ తర్వాతి ఏళ్లకు ఏం పేరు పెట్టుకోను? అతని దృష్టిలో మంచివాడిగా ఉండటం నాకు అలవాటైపోయిందనుకుంటా, అంతే.

అప్పుడప్పుడు కలలో ఒక ఇల్లు. కిటికీలోంచి సముద్రపు గాలి. నేల కింద ఎవరో చెవి ఒగ్గి ఉంటారు. వినేవాళ్లు లేరనుకున్నాను గానీ, ఆ రోజు నా ముందున్నది చెవి ఎముకే కదా. ఏ ఊరో చెప్పదు. ఇక చెప్పలేదు. ఊరికే వింటుంది.

ఆ ఊపిరి నాది. రమణది కాదు.

ఇంత చిన్న మాటకు ఏడేళ్లు పట్టింది.