శివారు ఇంటి దాకా ఇంటర్నెట్

మా లస్కరు బాబాయిగారు పోయిన వారం కాలం చేశారు. "పొద్దున్న కాఫీ తాగేరండి, గ్లాసు కడిగి బోర్లించేరండి, కుర్చీలో కూర్చుని వెళ్లిపోయేరండి" అన్నాడు వాళ్లబ్బాయి ఫోనులో. ఎవరికీ పని మిగల్చకపోవడం ఆయన పద్ధతే.

మీరాయన్ని ఎరగరు. మలికిపురం దగ్గర మా ఊళ్లో కాలవ తూములు తీసి మూసే లస్కరుగా చేసి రిటైరయ్యారు. కాలవలో దిగిన గేదెను కూడా 'రండి' అనే పిలిచేవారు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు మా పంచాయతీ ఒక బ్రాడ్‌బ్యాండ్ కనెక్షను తీసుకుని, కొబ్బరిచెట్ల మీదుగా వైర్లు లాగి కొన్ని ఇళ్లకు పంచింది. ఆఫీసులో ఆ నెట్టును వైర్లకు పంచే పెట్టె చూసుకునే ఉద్యోగం నాది. వారం తిరక్కుండానే నెట్టు నీకెక్కువ, నాకు తక్కువ అని తగువులు. పంపకాల తగువు తీర్చగలిగేది ఆయనొక్కరేనని ప్రెసిడెంటుగారు బాబాయిగారికి అప్పగించారు.

ఇంటర్నెట్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. "తెలియక్కర్లేదండి. ఎగువ రైతు ఏం చేస్తాడో తెలుసండి" అన్నారు. రోజూ పంచె ఎగ్గట్టి, అన్నిటికంటే చివరనున్న శివారు ఇంటికి ముందు వెళ్లి "వస్తోందాండీ?" అని అడిగేవారు. రాలేదంటే అక్కణ్ణించి వెనక్కి ఇంటింటి తనిఖీ. ఒకరింట్లో సినిమా దిగుతోందని నేను చెబితే, "ఎంత లోతు దిగిందండి?" అన్నారు.

ఒక వానాకాలం పిడుగుపడి పెట్టె మాడిపోయింది. పంచాయతీలో డబ్బు లేదు. ఊళ్లో పెద్ద కొబ్బరి వ్యాపారి కొత్తది తానే కొనిస్తానన్నాడు. షరతు ఒక్కటే. మార్కెట్టులో కాయ ధర చూపించే పేజీ మధ్యాహ్నం దాకా ఎవరికీ తెరుచుకోకూడదు. పొద్దున్నే రైతుల దగ్గర కాయ కొనేది ఆయనే మరి.

"మిగతావన్నీ చూసుకోండి, నేనేమైనా అడ్డమాండీ?" అన్నాడు మీటింగులో.

అందరూ తలలూపారు. నేనూ ఊపాను. పెట్టె లేకపోతే నా ఉద్యోగం లేదు.

బాబాయిగారు లేచారు. "ముప్పయ్యేళ్లు తూము కాసేనండి. నీళ్లు వదిలేను, కట్టేను. చేలోకెళ్లి గడ్డిని తడపండి, వరిని తడపొద్దండి అని నీళ్లకెప్పుడూ చెప్పలేదండి."

కాలవగట్టు మీది పంచాయతీ చెట్ల కాయ వేలం వేసి ఊరే పెట్టె కొనుక్కోవాలని ఆయనే దారి చూపించారు. వేలంలో కాయ దక్కింది ఆ వ్యాపారికే. చివరిదాకా పోటీ పాడింది మాత్రం బాబాయిగారు. చేతిలో పైసా లేకుండా ఎలా పాడారని తర్వాత అడిగాను.

"ఆయన ఆగిపోతే నా పనైపోయేదండి" అన్నారు.

కొత్త పెట్టె బిగించిన రోజు ఆయనతో శివారు ఇంటికి వెళ్లాను. ఆ ఇంటి కోడలు కువైట్‌లో పని చేసేది. ఆమె పంపిన పాత కంప్యూటరులో ఆమె పంపిన ఫొటో తెరుచుకుంటోంది, పైనుంచి ఒక్కో చారగా. జుట్టు, నుదురు, కళ్లు. అత్తగారు తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చుంది.

"వచ్చేసినట్టేనండి, వెళ్దాం" అన్నాను.

"ఆయ్, మీరు పదండి. కాళ్లదాకా వచ్చేక వస్తాను."

గుమ్మం దిగి వెనక్కి చూశాను. ఇద్దరూ పక్కపక్కన తలలు వంచి చూస్తున్నారు. తెర మీద అప్పుడే చీర కుచ్చిళ్లు మొదలవుతున్నాయి.