మనవరాలి ఇత్తడి తాళాలు

మా చిన్నతనంలో ఆదివారం తెల్లవారిందంటే ఇల్లంతా చింతపండు వాసనే... అమ్మ పులుసు పెట్టి కాదు. మా బ్యాండు వాళ్ళ ఇత్తడి బాకాలు, అదే బ్యూగిళ్ళు, చింతపండుతో తోమేవాళ్ళం.

ఇక్కడే, సింగపూర్‌లోనే... ఓడరేవు కూలీల క్వార్టర్లలో. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బస్తాలు మోశాడు. ఆ లైన్లలో ఉన్న తెలుగువాళ్ళు, తమిళులు, ఇద్దరు మలయ్ అన్నదమ్ములు కలిసి డ్రమ్ములూ బ్యూగిళ్ళతో ఒక బ్యాండు పెట్టుకున్నారు. పండగొచ్చినా మేమే, పెద్దమనిషి ఎవరైనా పోయినా మేమే ముందు నడిచేవాళ్ళం.

నాన్నది పెద్ద డ్రమ్ము. అది మెడలో వేసుకుంటే మనిషికి కాళ్ళ ముందు దారి కనబడదు. పొట్ట నుంచి గడ్డం దాకా డ్రమ్మే. అందుకని పక్కన తాళాలు కొట్టేవాడు నడవాలి. భజనలో తాళాలు కాదు, అన్నం పళ్ళెం అంత ఇత్తడివి. అవి కొడుతూనే దారి చూసి చెప్పాలి. మా నాన్న పక్కన నడిచింది నేనే.

"ముందర ఏటుందిరా?" అనేవాడు పెదవి కదపకుండా.

"గొయ్యి నాన్నా... ఎడమకి రా."

"ఇప్పుడో?"

"కాలవ. పెద్ద అంగ వెయ్యి."

ఒకసారి జనంలో ఐసు ఉండలు అమ్మేవాడి మీద నా కన్ను పడింది. రంగు పోసి ఇచ్చేవాడు... అటే చూస్తూ చెప్పడం మరిచిపోయాను. నాన్న మురుగు కాలవలో మోకాలి దాకా దిగిపోయాడు. డ్రమ్ము మాత్రం ఆపలేదు. ఇంటికొచ్చాక వీపు పగులుతుందనుకున్నాను. కాలు కడుక్కుంటూ, "ఐసు ఏ రంగుదిరా?" అన్నాడు. అంతే.

తర్వాత నేను బ్యూగిల్ పట్టాను. దానికి మీటలుండవు, వేళ్ళతో పని లేదు, అంతా పెదవుల బలమే. పెదవి మీద కాయ కాసేదాకా ఊదాను. నా కొడుకు సూరిబాబు కూడా స్కూల్లో బ్యూగిళ్ళకు లీడరు. ఇప్పుడు బుకిట్ పంజాంగ్‌లో మా ఫ్లాటు హాల్లో ఇద్దరి ఫోటోలూ పక్కపక్కనే ఉంటాయి, బ్యూగిళ్ళతో. ఎవరొచ్చినా చూపిస్తాను. గొప్పే... గొప్ప కాక ఏమిటి?

తాళాలతో మొదలుపెట్టానని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పోయిన నెల ఒక శనివారం సూరిబాబు ఆఫీసు స్నేహితులు భోజనానికి వచ్చారు. బ్యాంకులూ పెద్ద ఆఫీసులూ ఉండే రాఫెల్స్ ప్లేస్‌లో పనిచేసే పెద్ద చదువుల వాళ్ళు. నేను ఫోటోల ముందు నిలబడి చెబుతున్నాను. అప్పుడే మనవరాలు మేఘ స్కూలు నుంచి వచ్చింది. పదమూడేళ్ళది. సంచి బరువుకి ఒక పక్కకి వంగిపోయి నడుస్తోంది, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"తాతా! నన్ను బ్యాండ్‌లో తీసుకున్నారు! ఐ గాట్ ఇన్ లా!" ఇక్కడి పిల్లలకి మాట చివర ఆ 'లా' ఉండాల్సిందే.

"శభాష్ మా తల్లే! ఏదీ బ్యూగిల్? అంకుల్ వాళ్ళకి చూపించు."

సంచిలోంచి రెండు ఇత్తడి పళ్ళేలు తీసింది. ఇంట్లో సాధన చేసుకోమని మాస్టారు ఇచ్చారట. "బ్యూగిల్ కాదు తాతా, సింబల్స్. కొట్టి చూపిస్తా, వినండి" అని రెండు చేతులూ ఎత్తింది.

"ఆగాగు! ఈ మూతలు కొట్టడానికా నిన్ను స్కూలుకి పంపింది? మీ అమ్మ వంటింట్లో లేవా మూతలు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను... అందరికంటే గట్టిగా.

ఎత్తిన చేతులు దించేసింది. "ఇట్స్ ఓకే లా, తాతా" అని తాళాలు మళ్ళీ సంచిలో పెట్టుకుని లోపలికి పోయింది.

తర్వాతి వారం కోడలు చెప్పింది, "మామయ్యా, మేఘ బ్యాండు మానేసింది. తాళాలు ఇచ్చేసి వచ్చింది" అని.

"ఎందుకని?" అన్నాను.

"మీకు తెలీదా?" అని కుక్కరు దగ్గరికి వెళ్ళిపోయింది.

సారీ చెప్పడం నాకు చేతకాదు. ఆ మాట నా నోట ఎప్పుడూ రాలేదు. అందుకని మేఘ గదిలో మంచం మీద కూర్చుని మా నాన్న సంగతి చెప్పాను. డ్రమ్ము, గొయ్యి, కాలవ, ఐసు... చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసేసి అంతా వింది.

"సో... నువ్వు కూడా సింబల్సేనా తాతా?"

"అవునే."

"మరి ఎందుకు నవ్వావు?"

మంచం మీద దుప్పటి ముడత సర్దాను.

"మళ్ళీ చేరవే తల్లీ. మీ మాస్టారుతో నేను మాట్లాడతాను."

"వేరే అమ్మాయికి ఇచ్చేశారు తాతా. ఆల్రెడీ."

మొన్న వాళ్ళ స్కూలు మైదానంలో కవాతు జరిగితే నేనొక్కణ్ణే వెళ్ళాను. కంచె దగ్గర నిలబడి చూశాను. కొత్త పిల్ల బాగానే కొట్టింది. వంక పెట్టడానికేమీ లేదు. చుట్టూ అందరూ చప్పట్లు కొట్టారు... నాకు చేతులు రాలేదు.

నా చదువు మూడో క్లాసు దాకానే. ఇదంతా నేను ఫోనులోకి మాట్లాడితే ఫోనే అక్షరాల్లో రాసుకుంది, తప్పులు కోడలు దిద్దింది. "మీరు నవ్విన సంగతి కూడా నెట్‌లో పెట్టాలా మామయ్యా? అందరూ చదువుతారు" అంది. పెట్టమన్నాను. నలుగురి ముందు అన్న మాట నలుగురి ముందే ఉండాలి.

నాకు మొదట తాళాలు చేతికొచ్చిన రోజున నాన్న పని నుంచి అప్పుడే వచ్చాడు. భుజాల మీద బస్తాల దుమ్ము ఇంకా దులుపుకోలేదు. అలాగే గుమ్మంలో కూర్చుని, "కొట్టరా, విందాం" అన్నాడు. బాగుందనలేదు, బాగాలేదనలేదు... కూర్చుని విన్నాడు. ఇప్పుడు ఏసీ హాళ్ళున్నాయి, మెత్తని సోఫాలున్నాయి. కూర్చుని వినే మనిషే కరువయ్యాడు.

మీరు చిన్నప్పుడు మొదటిసారి ఏం వాయించారు, ఏం పాడారు? ఎవరు కూర్చుని విన్నారు? రాయండి... కోడలి చేత చదివించుకుంటాను.

మా మేఘ తాళాలు ఎలా మోగేవో నాకు తెలియదు.